పొగ బండికి ఊళ్లోకి రుసుము: బర్మింగ్‌హామ్ లెక్క విజయనగరానికి పనికొస్తుందా?

మొన్న సాయంత్రం విజయనగరం మూడు లాంతర్ల దగ్గర షేర్ ఆటోలో ఇరుక్కుపోయాం. ముందు ఇంకో పాత డీజిల్ ఆటో. కదిలినప్పుడల్లా దాని సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ గుప్పుమని వచ్చి మా మీద పడుతోంది. నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో బిడ్డ ముఖం మీద కొంగు కప్పేసింది. సరిగ్గా అప్పుడే బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. హారన్ల మోతలో వినపడక స్పీకర్ పెట్టాను. సంగతి చెబితే, "మావయ్యా, ఇక్కడ అలాంటి బండి సిటీ మధ్యలోకి తెస్తే రోజుకి ఎనిమిది పౌండ్లు కట్టాలి" అన్నాడు. మా ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి అడిగాడు: "ఏటి బాబూ, ఊర్లోకి ఎల్లడానిక్కూడా డబ్బులు కట్టాలేటి?"

ఆటో దిగేలోపు అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. అతని బండీ డీజిలే. వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట, నంబరు ఇంకా ఏపీ 31 సిరీస్. అతని ప్రశ్నలో న్యాయం ఉంది. పక్కావిడ ఒళ్లో బిడ్డ పీల్చిన పొగా నిజమే. ఈ రెండింటినీ కలిపి చూడాలంటే ముందు ఆ రుసుము అసలు దేనికో తెలియాలి.

టోల్ వేరు, రద్దీ రుసుము వేరు, గ్రీన్ టాక్స్ వేరు

బండి మీద పడే ఖర్చులన్నీ మనకి ఒకేలా కనిపిస్తాయి గానీ, ఒక్కోదాని ఉద్దేశం ఒక్కోటి.

నాతవలస టోల్‌గేట్ దగ్గర కట్టేది రోడ్డు వాడుకున్నందుకు. బండి కొత్తదా పాతదా, పొగ వస్తోందా లేదా అన్నది ఆ గేటుకి అనవసరం. రద్దీ రుసుము అంటే కిక్కిరిసిన చోట జాగా ఆక్రమించినందుకు కట్టేది. సింగపూర్ 1975లో దీనికి నాంది పలికింది. లండన్ 2003 ఫిబ్రవరిలో రోజుకి 5 పౌండ్లతో మొదలుపెట్టింది. ఇక మనకి తెలిసిన గ్రీన్ టాక్స్ బండి వయసు మీద పడుతుంది. బండి ఏడాదంతా షెడ్డులోనే ఉన్నా, రోజూ గంటస్తంభం చుట్టూ తిరిగినా పన్ను ఒకటే.

మా మేనల్లుడు చెప్పింది వీటిలో ఏదీ కాదు. దాన్ని అక్కడ క్లీన్ ఎయిర్ జోన్ అంటారు. ఊరి నడిబొడ్డున ఒక హద్దు గీస్తారు. ఆ హద్దు లోపలికి వచ్చే బండి ఫలానా కాలుష్య ప్రమాణాన్ని అందుకుంటే పైసా కట్టక్కర్లేదు. అందుకోకపోతే ఆ రోజుకి రుసుము. అంటే రెండు షరతులు కలవాలి: బండి పొగ బండి అవ్వాలి, అది ఆ హద్దు దాటి లోపలికి రావాలి. కాబట్టి "ఊళ్లోకి వెళ్లడానికి డబ్బు" అనడం పూర్తిగా నిజం కాదు. ఊళ్లోకి ఎవరైనా రావచ్చు, ఏ బండిలో వస్తున్నారన్నదే లెక్క. మనిషికి, నడిచొచ్చేవాళ్లకి, బస్సు టికెట్టుకి ఇందులో రుసుము లేదు.

టోల్‌కీ దీనికీ ఇంకో పెద్ద తేడా ఉంది. టోల్ వసూలు ఏటా పెరిగితే అది విజయం. క్లీన్ ఎయిర్ జోన్ వసూలు ఏటా తగ్గితేనే విజయం. జనం మంచి బండ్లకి మారిపోయి, చివరికి కట్టేవాళ్లే లేకుండా పోవాలన్నది దాని ఆశయం. ఈ మాట పట్టుకుంటే మిగతా గందరగోళం సగం తీరుతుంది.

గేటు లేకుండా వసూలు చేసేదెలా

బర్మింగ్‌హామ్‌లో బారికేడ్ లేదు, రసీదు చింపేవాడు లేడు. హద్దు మీద కెమెరాలుంటాయి. అవి నంబర్ ప్లేటు చదువుతాయి. ఆ నంబరుకి ఏ ఇంజిను, ఏ ఇంధనం, ఏ ప్రమాణం అన్నది ప్రభుత్వ రికార్డులతో పోల్చుకుంటాయి. కట్టాల్సిన బండైతే, వచ్చిన రోజుకి ఆరు రోజుల ముందు నుంచి ఆరు రోజుల తర్వాత వరకు ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు. ఎగ్గొడితే 120 పౌండ్ల జరిమానా, పధ్నాలుగు రోజుల్లో కడితే సగం.

మన దగ్గర ఇందులో చాలా సరంజామా ఇప్పటికే ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ రికార్డులున్నాయి, హై సెక్యూరిటీ ప్లేట్లున్నాయి, ఫాస్టాగ్ ఉంది. అయితే కెమెరాకి కనిపించేది నంబరే, పొగ కాదు. ఇంజిను పాడైపోయి నల్లగా కక్కుతున్న కొత్త బండి రికార్డుల్లో మంచి బండిగానే ఉంటుంది. దాన్ని పట్టుకోవాల్సింది పొల్యూషన్ సర్టిఫికెట్. అది లేకపోతే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ పరీక్ష నిజాయితీగా జరిగినంత మేరకే కెమెరా లెక్కకి అర్థం ఉంటుంది.

పాతదే పొగ బండా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్రిటన్‌లో 2006 నాటి పెట్రోలు కారు సాధారణంగా ఉచితంగా లోపలికి వెళ్లిపోతుంది. 2013 నాటి డీజిల్ కారు సాధారణంగా రుసుము కట్టాలి. ఏడేళ్లు చిన్నదైన బండికి ఎందుకీ శిక్ష?

కారణం వాళ్లు పెట్టుకున్న గీత. బండి పొగకి యూరప్ పెట్టిన ప్రమాణాల్లో పెట్రోలుకి యూరో 4, డీజిల్‌కి యూరో 6. వాళ్లు తగ్గించాలనుకున్నది ముఖ్యంగా నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువుని. ఊపిరితిత్తుల్లో మంట పుట్టించే ఈ వాయువుకి డీజిల్ ఇంజిన్లే పెద్ద వనరు. పైగా 2015లో ఫోక్స్‌వ్యాగన్ కార్ల కంపెనీ బండారం బయటపడ్డాక, ల్యాబ్ పరీక్షలో బుద్ధిగా ఉండే డీజిల్ కార్లు రోడ్డెక్కాక ఎంత కక్కుతాయో లోకానికి తెలిసింది.

మన బీఎస్ (భారత్ స్టేజ్) ప్రమాణాలు ఈ యూరో ప్రమాణాల అడుగుజాడల్లో వచ్చినవే. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, మధ్యలో బీఎస్-5 వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. డీజిల్ కారునే తీసుకుందాం. కిలోమీటరుకి నైట్రోజన్ ఆక్సైడ్లు బీఎస్-3లో 500 మిల్లీగ్రాముల దాకా, బీఎస్-4లో 250, బీఎస్-6లో 80. మసి రేణువులైతే బీఎస్-3లో 50 మిల్లీగ్రాములు, బీఎస్-4లో 25, బీఎస్-6లో 4.5. అంటే మసి విషయంలో ఒక్క బీఎస్-3 డీజిల్ కారు పదకొండు బీఎస్-6 కార్ల పెట్టు. పది బండ్లలో ఒకటే పాతదైనా, ఆ ఒక్కటే మిగతా తొమ్మిదింటిని మించి గాలిని పాడుచేయగలదు. అందుకే అందరి మీదా సమానంగా వేయకుండా ఆ ఒక్కదాన్ని వేరుచేస్తారు.

దీన్ని మన రోడ్డు మీద నిలబడి కూడా కొంత పసిగట్టవచ్చు. 2019 నుంచి రాష్ట్రంలో కొత్త బండ్లకి జిల్లాల వారీ సిరీస్ పోయి ఏపీ 39 వచ్చింది. కాబట్టి ఏపీ 35 ప్లేటు ఉన్న విజయనగరం బండి, ఏపీ 30 ఉన్న శ్రీకాకుళం బండి బీఎస్-6 రోజుల కన్నా ముందువే అనుకోవచ్చు. ఒకరోజు గంటస్తంభం దగ్గర నిలబడి లెక్కపెట్టి చూడండి, మన వీధుల వయసు తెలుస్తుంది.

బర్మింగ్‌హామ్‌లో ఒక వ్యాన్, ఏడాది ఖర్చు

బర్మింగ్‌హామ్ జోన్ 2021 జూన్ 1న మొదలైంది. ఊరి మధ్యనున్న రింగు రోడ్డుకి లోపలి భాగమే జోన్, రింగు రోడ్డు మాత్రం అందులోకి రాదు. ప్రమాణం అందని కార్లు, టాక్సీలు, వ్యాన్లకి రోజుకి 8 పౌండ్లు. లారీలకి, బస్సులకి 50.

ఒక ప్లంబర్‌కి 2013 డీజిల్ వ్యాన్ ఉందనుకుందాం. నెలకి 22 రోజులు జోన్‌లో పని. నెలకి 176 పౌండ్లు, ఏడాదికి 2,112. పౌండుకి 115 రూపాయలు వేసుకుంటే రెండు లక్షల నలభై వేలకి పైమాటే. రెండు మూడేళ్లు ఇలా కట్టేకన్నా బండి మార్చుకోవడమే మేలని అతనికే అనిపిస్తుంది. ఆ నిర్ణయం తీసుకునేలా చేయడమే రుసుము పని. అదే ప్లంబర్ జోన్‌లోకి నెలకి ఒక్కసారే వస్తే ఏడాదికి 96 పౌండ్లు, అతను బండి మార్చడు, మార్చాల్సిన అవసరమూ అంతగా లేదు.

అన్ని ఊళ్లూ ఒకే తరహాలో చేయలేదు. ఇంగ్లండ్‌లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులున్నాయి. ఏ అంటే బస్సులు, టాక్సీలు మాత్రమే. బీలో లారీలు చేరతాయి, సీలో వ్యాన్లు, డీలో సొంత కార్లు. బాత్ నగరం 2021లో సీ ఎంచుకుని సొంత కార్లని వదిలేసింది. బర్మింగ్‌హామ్ డీ ఎంచుకుంది కానీ మోటారు సైకిళ్లని వదిలేసింది. మన ఊళ్లో రోడ్డు మీద సింహభాగం టూ వీలర్లదే. ఆ నమూనాని ఉన్నదున్నట్టు తెస్తే ఎక్కువ బండ్లు లెక్కలోకే రావు.

గాలి బాగుపడిందా: ఇరుపక్షాల మాట

లండన్‌లో ఈ తరహా జోన్ 2019 ఏప్రిల్ 8న నగరం నడిబొడ్డున మొదలైంది. రోజుకి 12.50 పౌండ్లు. 2021 అక్టోబరులో జోన్ హద్దుని పెంచారు, 2023 ఆగస్టు 29 నుంచి మొత్తం నగరానికీ విస్తరించారు. ఇప్పుడు అక్కడ తిరిగే బండ్లలో 95 శాతానికి పైగా ప్రమాణాన్ని అందుకున్నవే. అందుకే గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గిందని నగర పాలకులు అంటారు.

లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2021లో వేరే మాట చెప్పారు. జోన్ మొదలైన కొత్తల్లో, ఆ ఒక్క చర్య వల్ల నేరుగా తగ్గిన నైట్రోజన్ డయాక్సైడ్ 3 శాతం లోపేనని, సన్నని రేణువుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని వాళ్ల లెక్క. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావు. జోన్ వస్తోందని ఏళ్ల ముందే ప్రకటించారు కాబట్టి చాలామంది ముందే బండ్లు మార్చేశారు. మొదలైన రోజుకి అటూ ఇటూ కొలిస్తే ఆ మార్పు కనపడదు. అలాగని తగ్గుదల మొత్తాన్నీ జోన్ ఖాతాలో వేయడమూ కుదరదు, అదే కాలంలో బస్సులు మారాయి, కొత్త కార్లు మెరుగయ్యాయి.

జనం సంగతీ ఇలాగే ఉంది. గ్రేటర్ మాంచెస్టర్‌లో చిన్న వ్యాపారులు, టాక్సీవాళ్లు గట్టిగా వ్యతిరేకించడంతో 2022లో పథకం ఆగిపోయింది, చివరికి రద్దయింది. స్టాక్‌హోమ్ మాత్రం 2006లో రద్దీ రుసుముని ఏడు నెలలు ప్రయోగంగా పెట్టి, ఆపేసి, ఆ తర్వాత ఓటింగ్ పెట్టింది. హద్దు దాటే ట్రాఫిక్ ఇరవై శాతం దాకా తగ్గడం కళ్లారా చూసిన నగరవాసులు సరేనన్నారు. 2007 నుంచి అది శాశ్వతమైంది.

మిలాన్ కథ నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది. 2008లో అక్కడ పొగ బండ్లకే రుసుము పెట్టారు. జనం బండ్లు మార్చారు. మార్చాక అందరికీ ప్రవేశం ఉచితమైంది, రద్దీ మళ్లీ పెరిగింది. దాంతో 2012లో పద్ధతి మార్చి దాదాపు అన్ని కార్లకీ రద్దీ రుసుము వేశారు. మొదటి పథకం ఓడిపోలేదు. దాని పని అయిపోయింది, అంతే.

విజయనగరం గాలిలో ఏముంది

మా ఇంటి వీధి వైపు కిటికీ చువ్వ మీద వేలు పెట్టి రాస్తే రెండు రకాల మురికి వస్తుంది. పైన ఎర్రటి దుమ్ము, ఊదితే ఎగిరిపోతుంది. దాని కింద నల్లటి జిడ్డు పొర, సబ్బుతో రుద్దినా వేలి గీతల్లో ఉండిపోతుంది. మన గాలి గురించిన అసలు చిక్కు ఈ రెండు పొరల్లోనే ఉంది.

కేంద్రం 2019 జనవరిలో నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. ప్రమాణాలు అందుకోలేని 130 దాకా నగరాలు, పట్టణాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి 13. వాటిలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయని మన ఊళ్లలో చాలామందికి తెలియదు. ఈ కార్యక్రమం ప్రధానంగా కొలిచేది పీఎం 10 అనే ధూళిని, అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులని. ఘనపు మీటరుకి ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది.

బ్రిటన్ కథ వేరు. అక్కడ నైట్రోజన్ డయాక్సైడ్ చట్టం పెట్టిన 40 మైక్రోగ్రాముల పరిమితిని దాటుతోందని కోర్టులు ప్రభుత్వాన్ని నిలదీశాయి. అందుకే క్లీన్ ఎయిర్ జోన్లు పుట్టాయి. అంటే ఆ మందు తయారైంది ఒక జబ్బుకి, మనల్ని జాబితాకెక్కించింది ఇంకో జబ్బు. గ్రావెల్ టిప్పరు టార్పాలిన్ కప్పకుండా వెళ్తే రాలే మట్టి, రోడ్డు అంచున ఎర్రమట్టి, కట్టడాల దుమ్ము, పొద్దున్నే తగలబెట్టే చెత్త: వీటిలో ఏదీ బండి బీఎస్ నంబరు బట్టి మారదు. బ్యాటరీ ఆటో చక్రం కూడా రోడ్డు మీది దుమ్ముని లేపుతుంది.

అలాగని బండ్ల పొగని పక్కన పెట్టేద్దామా? ఆ రెండో పొర సంగతి ఉంది కదా. మసిలో ఎక్కువ భాగం పీఎం 2.5 లోకి, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువుల్లోకి వస్తుంది, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కు, గొంతు ఆపలేనంత సన్నం, ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి రక్తంలోనూ కలవగలదు. తూకానికి తక్కువే తూగుతుంది, హాని మాత్రం దానిదే ఎక్కువ. ఢిల్లీలోని పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో చేసిన పరిశీలనలో, ఈ జాతీయ కార్యక్రమం కింద ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు ధూళి మీదే పోయిందని, బండ్ల కాలుష్యం మీద 13 శాతం లోపేనని తేలింది. కొలిచేది పీఎం 10 అయినప్పుడు డబ్బు దుమ్ము మీదకే పోతుంది. దుమ్ము ఊడ్చేవాళ్లదీ తప్పు కాదు, పొగ సంగతేమిటని అడిగేవాళ్లదీ తప్పు కాదు. ఊళ్లో పొగ వాటా ఎంతో విడిగా కొలవకుండా రుసుము గురించి వాదించుకుంటే ఎవరి వాదన వాళ్లకే మిగులుతుంది.

నెల్లిమర్ల ఆటోకి 50 రూపాయలు వేస్తే

ఇది నా ఊహా లెక్క, ఏ ప్రభుత్వమూ ప్రతిపాదించింది కాదు. నెల్లిమర్ల నుంచి విజయనగరం తిరిగే పాత డీజిల్ ఆటోకి రోజుకి 50 రూపాయలు పెట్టారనుకుందాం. డీజిల్ పోను అతనికి రోజుకి 700 మిగులుతుందనుకుందాం. 26 రోజులకి 1,300, ఏడాదికి 15,600. ఇంటి ఖర్చులో పిల్లల ఫీజంత బరువు.

దీన్నే ప్రయాణికుల మీద పంచి చూడండి. రోజుకి అయిదు ట్రిప్పులు, రానూపోనూ, మనిషి మనిషికీ లెక్కేస్తే ఆరుగురి చొప్పున 60 టికెట్లు. తలకి రూపాయి కూడా పడదు. మరి అంత టెన్షన్ ఎందుకు? ఎందుకంటే స్టాండులో అతని వెనకాల బీఎస్-6 ఆటో, బ్యాటరీ ఆటో ఉన్నాయి. వాళ్లకి రుసుము లేదు, చార్జీ పెంచరు. ఇతను ఒక్కడూ పెంచలేడు.

ఇంకోవైపు 2012 డీజిల్ కారున్న ఓ పెద్దాయన నెలకి రెండుసార్లు బజారుకి వస్తాడు. నెలకి 100 రూపాయలు. ఆయనకి అది పెట్టెలోని చిల్లర. భారం పేదవాడి మీదే పడిందని ఒకరంటారు. రోజంతా మూడు లాంతర్ల దగ్గర పొగ వదిలేది ఎవరు, ఆ పొగని రోజంతా పీల్చే పూలమ్మే ఆవిడ, ట్రాఫిక్ కానిస్టేబుల్ పేదవాళ్లు కారా అని ఇంకొకరంటారు. రెండూ నిజమే. అందుకే రుసుము పెట్టిన ఊళ్లు పక్కనే బండి మార్చుకోవడానికి డబ్బు కూడా పెట్టాయి. లండన్ పాత బండ్లు వదిలించుకునేవాళ్ల కోసం 16 కోట్ల పౌండ్లకి పైగా కేటాయించింది. ఆ రెండో భాగం లేకుండా మొదటి భాగాన్ని మాత్రమే అరువు తెచ్చుకోవడాన్ని నేను ఒప్పుకోలేను.

హద్దు ఎక్కడ గీయాలి, ఎవరు గీయాలి

మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఒక ప్రాంతంలో ఫలానా బండ్లని నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఊళ్లోకి పగలు లారీలకి నో ఎంట్రీ అనే పద్ధతి మనకి కొత్త కాదు. కానీ రుసుము వసూలు చేయాలంటే దానికి వేరే చట్టబద్ధమైన ఆధారం కావాలి. దేశంలో దీనికి దగ్గరగా వచ్చింది ఢిల్లీ. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశంతో అక్కడికి వచ్చే సరుకు రవాణా బండ్ల మీద పర్యావరణ పరిహార రుసుము వేశారు: చిన్నవాటికి 700, పెద్దవాటికి 1,300. రెండు నెలలకే రెట్టింపు చేశారు. ఢిల్లీతో పని లేకుండా ఊరి మీదుగా దాటిపోయే లారీలని బయటి దారికి మళ్లించడం అక్కడి ప్రధాన ఉద్దేశం.

విజయనగరంలో కోట నుంచి మూడు లాంతర్లు, గంటస్తంభం దాకా ఓ హద్దు గీశామనుకోండి. రాయ్‌పూర్ నుంచి సాలూరు, గజపతినగరం మీదుగా వచ్చే లారీ అందులోకి రానే రాదు. పొగ బండ్లు హద్దు పక్క వీధుల్లోంచి చుట్టు తిరిగితే పొగ ఆ వీధులకి మారుతుంది. ఘోషాసుపత్రికి గర్భిణిని తెచ్చే ఆటోకి మినహాయింపు ఎలా? సిరిమానోత్సవం రోజు పల్లెల నుంచి వచ్చే వ్యాన్ల సంగతేమిటి? ఇలాంటి మినహాయింపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఒక్కోటీ న్యాయమైనదే, అన్నీ కలిస్తే జోన్‌లో చిల్లులే ఎక్కువవుతాయి.

మార్చేసిన బండి ఎక్కడికి పోతుంది

రుసుము తగిలిన బండి మాయమైపోదు, చాలాసార్లు చేతులు మారుతుంది. స్క్రాప్‌కి ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొత్త బండి పన్నులో సొంత వాహనానికి 25 శాతం దాకా, రవాణా వాహనానికి 15 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం 2021లో చెప్పింది. కానీ నడుస్తున్న ఆటోకి సెకండ్ హ్యాండ్ బజారులో పలికే ధర ఇనుము ధరకన్నా ఎక్కువ. ఆ తేడాని ఎవరో ఒకరు పూడ్చితే తప్ప స్క్రాప్‌కి ఎవరిస్తారు?

పోయిన వారం స్టాండులో అదే డ్రైవర్ కనిపిస్తే ఇదంతా చెప్పాను. రుసుము సంగతి, మంచి బండికి ఉచితమన్న సంగతి శ్రద్ధగా విన్నాడు. తన ఆటో బానెట్ మీద చెయ్యేసి అన్నాడు: "ఇది వైజాగ్‌లో వద్దంటేనే నాకాడికి వచ్చింది బాబూ. నాను వద్దంటే సాలూరు దిక్కు పోతాది. అక్కడా పిల్లలున్నారు కదేటి?"